తెల్లగా కనబడాలని గీసిన గీత

ముందుగా ఒక మాట. కంట్లో సున్నం పడితే నీళ్ళు పోయాలి. పైన ఉన్న పొడిని దులిపేసి, రెప్ప తెరిచి పట్టుకుని, ఆసుపత్రికి చేరేదాకా ఆపకుండా పోస్తూనే ఉండాలి. ఆముదం కాదు, కొబ్బరినూనె కాదు, చనుబాలు కాదు. నీళ్ళు. చాలా ఏళ్ళు దినపత్రికలో పనిచేసినవాణ్ణి. ముఖ్యమైన సంగతి మొదట్లోనే చెప్పేయాలని నాకు నేర్పారు. ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను. మిగిలినదంతా కోపం.

నవంబరు

మాది కదిరికి దగ్గర్లోని పల్లె. ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నాళ్ళు కదిరి నుంచి వార్తలు రాశాను, కొన్నాళ్ళు అనంతపురంలో డెస్కులో కూర్చున్నాను. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. ఆలస్యంగా పుట్టిన కూతురు హారిక. అప్పటికి తొమ్మిదో తరగతి. నాలుగు వందల మీటర్ల పరుగు దాని ఆట.

వాళ్ళ పీఈటీ ఓబులేసు సారు పొద్దున్నే పిల్లల్ని వేరుశనగ పీకేసిన చేలల్లో పరిగెత్తిస్తాడు. గుల్ల మట్టిలో పాదం దిగబడుతుంది. ఆ మట్టిలో పరిగెత్తినవాళ్ళకి గట్టి నేల మీద కాలు దానంతటదే లేస్తుందని ఆయన నమ్మకం. అది తప్పు నమ్మకం కాదు. మా పిల్లలకు కాళ్ళకు బూట్లు లేవు, అయినా బూట్లున్న పిల్లల్ని దాటుకుని పోయేవాళ్ళు.

ఆ ఏడాది జోన్ ఆటలు పక్క మండలంలో ఒక ఉన్నత పాఠశాలలో పెట్టారు. గొంతు బాగుంటుందని మైకు నా చేతికిచ్చారు. నా భార్య సుజాత కూడా వచ్చింది. కూతురు పరుగు చూడడం ఆమెకు అదే మొదటిసారి.

ట్రాక్ గీతలు మామూలుగా ముగ్గుపిండితో వేస్తారు. అక్కడా ముందురోజు ముగ్గుపిండితోనే వేశారు. పొద్దున నిర్వాహక కార్యదర్శి వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఏంది సార్ ఇది? గీతలు మాసిన పంచె మాదిరి ఉండాయి. పెద్దాయన వస్తాండాడు. తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడల్ల."

పాఠశాల గోడలకు వెల్ల వేయడానికి తెప్పించిన రాతిసున్నం ఒక మూల మిగిలి ఉంది. దాన్ని దంచి, జల్లించి, పాత గీతల మీద పోశారు. ఎర్రమట్టి మీద గీతలు మెరిసిపోయాయి. ఫినిషింగ్ లైను దగ్గర అతిథిగా వచ్చే ఆ పెద్దాయనతో ఫొటోలు దిగుతారు కాబట్టి అక్కడ ఇంకా మందంగా పోశారు. నీళ్ళు తగలని పచ్చి సున్నం అది. ఆ రాయి మీద నీళ్ళు పోస్తే కుండలో బుసబుసమని ఉడుకుతుందని మా వైపు ఎవరికైనా తెలుసు. చెమట కూడా నీళ్ళేనని ఆ పొద్దున ఎవరికీ తోచలేదు.

వంద మీటర్ల హీట్స్ అయినాక ఆడపిల్లలు కొందరు ఓబులేసు సారు దగ్గరికి వచ్చారు. హారిక కూడా ఉంది.

"సార్, గీత తొక్కితే కాళ్ళు మండుతాండాయి."

"మంచిదే కదమ్మా," అన్నాడు ఆయన నవ్వుతూ. "మండితే ఎవురూ గీత తొక్కరు. డిస్‌క్వాలిఫై అయ్యే పనే లేదు!"

పిల్లలు పకపకా నవ్వారు. వేదిక మీద మేమూ నవ్వాం. మంచి జోకే.

నాలుగు వందల ఫైనల్లో హారిక చివరి మలుపు దాకా రెండోది. తిన్నని దారిలోకి వచ్చాక ముందున్న పిల్లను అందుకుంది. ఇద్దరూ ఒకేసారి లైను దగ్గరికి వచ్చారు. ఇది ఛాతీ ముందుకు విసిరింది, కాళ్ళు అదుపు తప్పాయి, బోర్లా పడింది. మొహం నేరుగా గీత మీద. తెల్లటి పొడి ఒక్కసారి పైకి లేచింది. మొదటి స్థానం అని నేను మైకులో అంటూ ఉండగానే కేక వినబడింది.

నేను వేదిక దిగి బండి కోసం పరిగెత్తాను. ఆ కాసేపట్లో ఏం జరిగిందో సుజాత నాకు తర్వాత చెప్పింది. ఒకసారి కాదు, ఎన్నో సార్లు.

"నీళ్ళు తెండప్పా, నీళ్ళు!" అని అరిచింది ఓబులేసు సారే. వేదిక మీద అతిథుల కోసం పెట్టిన క్యాన్ ఎవరో ఎత్తుకొచ్చారు. ఆయన హారిక తల వెనక్కి వంచి, క్యాన్ వంచబోతున్నాడు.

"యోవ్, ఏం పని చేస్తాండావు సారూ? సున్నం మింద నీళ్ళు పోస్తే ఉడుకుతాది! కన్ను ఉడికిపోతాది!"

ఆ మాట అన్నదెవరో ఎవరికీ గుర్తులేదు. విన్న ప్రతివాళ్ళూ అవునన్నారు. సుజాత కూడా అవునంది. పెళ్ళయిన నాటినుంచి ఇంటి వెల్లకు సున్నం తడిపే మనిషి. ఆ కుండ ఎలా ఉడుకుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? హారిక ఆ నీళ్ళకోసం చేతులు చాపుతుంటే ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఆపింది కన్నతల్లే. క్యాన్ తిరిగి వేదిక మీదికి పోయింది. పక్క ఇంట్లోంచి ఆముదం వచ్చింది.

నేను ఆటో తెచ్చేసరికి పిల్ల ఎడమ కంట్లో ఆముదం ఉంది, కంటికి గుడ్డ కట్టి ఉంది. అదే సరైన పని అనుకుని ఎత్తుకుని కూర్చోబెట్టాను. ఆటో గేటు దాటుతుంటే వెనక నుంచి మైకు వినబడింది. వేరే గొంతు. "బాలికల నాలుగు వందల మీటర్లు, ప్రథమ స్థానం, హారిక. హారిక ఎక్కడ ఉన్నా వెంటనే వేదిక వద్దకు రావలెను."

హారిక నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. "నాయనా, నా పేరే పిలుస్తాండారు," అంది.

కదిరిలో మొదట చూసిన డాక్టరు ఆ గుడ్డ విప్పి, సెలైను సీసాలు తెప్పించి కడగడం మొదలుపెట్టాడు. కడుగుతూనే బెంగళూరుకు ఫోను చేశాడు. బెంగళూరు కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ రెప్పను తిరగేసి లోపల ఇరుక్కున్న సున్నపు పలుకుల్ని తీసింది. తీశాక మా వైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగింది.

"పడగానే ఎంతసేపు నీళ్ళు పోశారు?"

మేం ముగ్గురం ఉన్నాం, నేను, సుజాత, మా వెంటే వచ్చిన ఓబులేసు సారు. ముగ్గురమూ నేల చూశాం. ఆమెకు అర్థమైంది. పచ్చి సున్నం తడి తగిలితే ఉడకడం నిజమేనని, కానీ కంట్లో తడి ఎలాగూ ఉంటుందని, కొద్ది తడికే అది లోపల ఉడుకుతూ, కొరుకుతూ పోతుందని, ధారగా నీళ్ళు పోస్తే ఆ వేడీ ఆ సున్నమూ కూడా కొట్టుకుపోతాయని చెప్పింది. అరగంట పోయాలట. మా సీమలో దేనికైనా అరగంటసేపు నీళ్ళు పారబోసిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ ఆసుపత్రి వరండాలో చాలా రోజులు కూర్చున్నాం. ట్యూబులైటు వెలుగు కూడా హారిక భరించలేకపోయేది. మా పక్క బెంచీలో కొత్తచెరువు నుంచి వచ్చిన ఖాజాబీ ఉండేది, భర్త కంటి ఆపరేషను కోసం. మొదటిరోజే తన నల్ల దుపట్టా తీసి హారిక తలమీద గుడారంలా కప్పింది. "దీని కింద దాక్కోమ్మా, నీకు రాత్రి చేసి పెడతా," అంది. సుజాత మొహం తిప్పుకుని ఏడుస్తుంటే ఆమెనూ వదల్లేదు. "ఏడ్వాకమ్మా. నువ్వు ఏడిస్తే పాప ఏడుస్తాది. పాప ఏడిస్తే కంట్లో వేసిన మందంతా కారిపోతాది. మందు వేస్టు." సుజాత ఆ ఏడుపులోనే నవ్వింది. ఖాజాబీ వెళ్ళిపోయేటప్పుడు దుపట్టా అడగలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

డిసెంబరు

కంటిమీద పలచని పొర ఒకటి కుట్టి పంపించారు. ఇంటికొచ్చాక కిటికీలకు దుప్పట్లు కట్టాం. గంట గంటకూ చుక్కలు. ఒక మందు మంట, ఇంకో మందు చేదు. చుక్క కంట్లో వేస్తే చేదు గొంతులోకి ఎలా దిగుతుందని హారిక వాదన. "ఈ డాక్టర్లు కంటికీ నోటికీ పైపు వేసినారు నాయనా," అనేది.

ఆ చీకటి గదిలో నేనూ సుజాతా ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకరోజు మాట జారాను.

"పోస్తా ఉండిన నీళ్ళు ఆపిందెవురు?"

సుజాత చుక్కల సీసా మూత బిగించి, అలమరలో పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నేనే. నేనే ఆపినా. సచ్చేదాకా నా చేతులు నాకు గుర్తుంటాయి. మరి సున్నం పోసినోళ్ళని నువ్వు ఒక్క మాటన్నా అడిగినావా? నన్ను అడిగేది సులువు. నేను ఇంట్లోనే ఉంటా కదా."

నా కోపానికి అడ్రసు చెప్పింది ఆ మనిషే.

ఆ వారంలోనే నిర్వాహక కార్యదర్శి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నాను.

"యాక్సిడెంటన్నా ఇది. పరిగెత్తేకాడ పిల్లోళ్ళు పడకుండా ఉంటారా?"

"పడితే మోకాలు చీరుకుపోతాది. కన్ను పోదు."

"ఏదో తెల్లగా ఉంటాదని..."

"ఎవురికి తెల్లగా?"

బత్తాయిల సంచి నా వైపు జరిపాడు. గొంతు తగ్గించాడు. "పేపరుకు రాస్తావేమో అని అందరూ అనుకుంటాండారు. వద్దన్నా. నువ్వూ మనోడివే. మళ్ళీ ఆటలు పెట్టాలంటే ఎవురు ముందుకొస్తారు చెప్పు? పిల్లోళ్ళే కదా నష్టపోయేది."

పిల్లలు నష్టపోతారట. లోపల దుప్పటి చాటున ఒక పిల్ల ఉంది, గొంతు తగ్గించినా వినబడేంత దూరంలో.

రాశాను. నేను పనిచేసిన పత్రికకే రాశాను. ఆటల మరుసటి రోజు మా పేజీలో వచ్చిన వార్త ముందుంచుకుని రాశాను. ఉత్సాహంగా సాగిన క్రీడలు అని శీర్షిక, ఫినిషింగ్ లైను దగ్గర అతిథి నిలబడ్డ ఫొటో. గీత ఎంత తెల్లగా ఉందో చెప్పలేను. హారిక ప్రథమ స్థానం అని ఉంది, పడిందని లేదు. నేను పంపింది లోపలి పేజీలో మూలకు నాలుగు వాక్యాలుగా వచ్చింది. ప్రమాదవశాత్తూ అని ఒక మాట చేర్చారు. ఆ మాటను ఎన్ని వార్తల్లో చూశానో నాకు తెలుసు. ఎవరి పేరూ రాయకూడదనుకున్నప్పుడు రాసే మాట అది. విచారణకు ఒక అధికారి వచ్చాడు, టీ తాగాడు, నిబంధనల ప్రకారమే మార్కింగ్ పౌడరు వాడారని తేల్చి వెళ్ళాడు.

బత్తాయిలు తీసుకురాకుండా వచ్చింది ఓబులేసు సారు ఒక్కడే. చాలాసార్లు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాడు, అరుగు మీద కూర్చుంటాడు. ఆయన మీద కూడా నాకు కోపమే. కాళ్ళు మండుతున్నాయని పిల్లలు చెప్పినప్పుడు ఒక్క చిటికెడు పొడి చేతిలోకి తీసుకుని చూసి ఉంటే సరిపోయేది. ఆ సంగతి మొహం మీదే అన్నాను. 

"క్యాను నా చేతిలో ఉండె అన్నా," అన్నాడు. "వంచితే సాలు. వంచితే సాలు అన్నా."

ఆ మాట తర్వాత ఆయనను తిట్టడం నాకు చేతకాలేదు. క్షమించానని కాదు. తిట్టడానికి వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎవరూ మా అరుగు మీద కూర్చోలేదు.

ఎండలు ముదిరాక

కుట్లు ఊడదీశారు. ఎర్రదనం తగ్గింది. నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి మచ్చ మిగిలింది. వెలుగు తెలుస్తుంది, మనిషి అడ్డం వస్తే తెలుస్తుంది, ఎవరో తెలియదు. కన్ను బాగా శాంతించాక, ఎప్పుడో, నల్లగుడ్డు మీది పొర మార్చి చూద్దామన్నారు. మాట ఇవ్వలేమన్నారు. అలా చెప్పినందుకు ఆ డాక్టరమ్మ మీద నాకు గౌరవం. మిగతావాళ్ళంతా "ఏం కాదులే" అన్నవాళ్ళే.

"ఎట్లుండాది పాపా?" అని వాళ్ళ అవ్వ అడిగితే, "ఉడకేసిన గుడ్డు లోపల కూర్చోని బయటికి చూసినట్టుండాది అవ్వా," అంది హారిక. బడిలో ఎడమ పక్క బెంచీ వాళ్ళు ఏం వెక్కిరించినా తనకు కనబడదు కాబట్టి గొడవే లేదట. ఆ పిల్ల నవ్వితే నాకు ఊపిరి ఆడేది, ఆ వెంటనే ఒళ్ళు మండేది. ఇంత హాస్యం ఈ వయసులో ఎందుకు నేర్చుకోవలసి వచ్చింది?

అద్దాలు పెట్టుకుని, మంచి కన్ను కాపాడుకుంటూ పరిగెత్తవచ్చని డాక్టరమ్మ చెప్పింది. సుజాత వద్దంది.  హారిక మా ఇద్దరినీ చూసి, "సున్నం పోసినోళ్ళు ఆటలు మానలా. నేను యాల మానల్ల?" అంది. 

ఓబులేసు సారు మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు నడక, తర్వాత పరుగు. ఆ ఏడాది కాయ పీకేశాక మళ్ళీ చేలల్లోకి దిగారు. చేనిగట్టు మీద కూర్చుని నేను చూసేవాణ్ణి. పరుగులో తేడా ఏమీ కనబడలేదు. కాలు అదే కాలు, ఊపిరి అదే ఊపిరి. సారు గడియారం చూసి, "పోయినేటి కంటే ముందుకొచ్చిందన్నా!" అని అరిచిన రోజు సుజాత కూడా గట్టు మీద ఉంది. మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టని సంగతి ఒకటుంది. చేలో గీతలుండవు.

మళ్ళీ నవంబరు

ఈసారి ఆటలు వేరే బడిలో. నిర్వాహక కార్యదర్శి మాత్రం ఆయనే. నేను రెండు నీళ్ళ క్యాన్లు ఆటోలో వేసుకుని, చేతిలో ఒక స్టీలు గ్లాసు పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గరే ఎదురుపడ్డాడు.

"ఏమన్నా, నీళ్ళు కూడా మోసుకొస్తివి? మేం పెట్టమా?"

"పోయినేడు పెట్టినారు కదా. వేదిక మింద."

ట్రాక్ దగ్గరికి పోయి, గీత మీద పొడి ఒక పిడికెడు తీసి గ్లాసులో వేసి, నీళ్ళు పోశాను. చుట్టూ పదిమంది చేరారు. నేను గ్లాసును అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను, వేడెక్కుతుందేమోనని. ఆ గ్లాసు వేడెక్కితే ఏం చేయాలో ఏడాదిగా అనుకుంటున్నాను. గీత మీద పడుకుంటాను, ఒక్క పరుగు కూడా జరగనివ్వను, ఎవరు లాగుతారో చూస్తాను అనుకున్నాను.

గ్లాసు చల్లగానే ఉంది. అడుగున బూడిదరంగు ముద్ద. ముగ్గుపిండి.

"చూస్తివా," అన్నాడు కార్యదర్శి ఊపిరి వదులుతూ. "ఈ తూరి సున్నం మాటే లేదు. నేనే గట్టిగా చెప్పినా."

ఒక్క క్షణం ఆ మనిషి మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది. ఆ మాట దాచను.

"పోయిన తూరి పెద్దాయన కొత్త బూట్లు తెల్లగా పొట్టు లేసిపోయినాయి కదన్నా," అన్నాడు. "ఎన్ని మాటలన్నాడనుకుంటివి! ఇంగ సున్నం ముట్టుకుంటే ఒట్టు."

ఆ మైదానంలోకి సున్నం రాకుండా చేయడం ఇంత సులువు. ఒక జత బూట్లు చాలు. నా కూతురి కన్ను చాలలేదు. నేను గ్లాసులో ఉన్నది అతని కాళ్ళ పక్కన పారబోసి వచ్చేశాను. ఇంకేమైనా చేసి ఉంటే ఆ రోజు హారిక పరుగు చూసేవాణ్ణి కాదు.

నాలుగు వందల ఫైనల్. హారికకు మధ్య లేన్ వచ్చింది. అద్దాల తాడు తల వెనక బిగించుకుంది. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు. లోపలి గీత ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది. ఇన్నేళ్ళు మైకులో లేన్ల నంబర్లు చదివిన నాకు, ఇన్నేళ్ళు పరిగెత్తించిన ఓబులేసు సారుకు, ఆ సంగతి తుపాకీ పేలాక తెలిసింది. మొదటి మలుపులో దాని అడుగు గీతను రాసుకుంటూ పోయింది. మెడ కొంచెం ఎడమకు తిప్పింది, సర్దుకుంది. వెనక వైపు తిన్నని దారిలో అందర్నీ దాటేసింది. చివరి మలుపులో తల తిప్పలేదు. తల తిప్పితే వేగం తగ్గుతుందని దానికి నేర్పింది మేమే. ఎడమ కాలు గీత మీద పడింది, మళ్ళీ పడింది, గీతే దారి అన్నట్టు పడుతూనే ఉంది. మలుపు దగ్గర నిలబడ్డ మనిషి జెండా ఎత్తాడు. హారిక అందరికంటే ముందు వచ్చింది, పడలేదు, చేతులు పైకెత్తింది. జెండా ఉన్నది దాని ఎడమ పక్కన.

ఓబులేసు సారు ఆ జెండా మనిషి మీదికి పోయాడు. "దానికి ఆ పక్క కన్ను కనపడదప్పా! ఎందుకు కనపడదో అడుగు! ఆ కార్యదర్శిని అడుగు!"

"తెలుసు సార్, పాపం. కానీ రూలు రూలే కదా. గీత తొక్కింది."

సుజాత కదల్లేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది. నేను క్యాను ఎత్తుకుని హారిక దగ్గరికి నడిచాను. అప్పటికే ఎవరో చెప్పేశారు. నేలమీద కూర్చుని ఎడమ పాదాన్ని ఒళ్ళోకి లాక్కుంది. అరికాలంతా తెల్లగా ఉంది. వేలితో గీకి, ఆ పొడిని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీత తొక్కినానంట కదా నాయనా," అంది. "నాకు తెలీనే లేదు. ఈ తూరి మండలా."

క్యాను మూత తీసి ఆ పాదం మీద నీళ్ళు పోశాను. అవసరం లేదని తెలుసు. వేదిక మీది వాళ్ళంతా చూస్తుండగా, క్యాను ఖాళీ అయ్యేదాకా పోశాను.